తప్పెవరిదో చెప్పే తెర

నాచారం పారిశ్రామికవాడలో యంత్రాలు మనుషుల అవసరం లేకుండా తమంతట తామే నడవడం మొదలయ్యాక అక్కడ ఉద్యోగాల సంఖ్య పెరిగింది. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. ఈ ఘనత యావత్తూ శ్రీ మేకల దేవానందం గారిది. ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు మూడు పెట్టి, మొదటిదాన్ని ముంచి, మిగతా రెండింటినీ నిలబెట్టి, శాలువా కూడా కప్పించుకున్నారు. ఈ సంగతి తెలిసినవారు తెలియనివారికి చెప్పడం ధర్మం గనక చెబుతున్నాం.

1988లో దేవానందం కాప్రా దగ్గర ఒక ప్రభుత్వ కర్మాగారంలో ఇంజనీరు. అప్పటికింకా పేరు చివర 'గారు' తగలలేదు. పెన్షను వచ్చే ఆ ఉద్యోగాన్ని వదులుకుని ఉప్పల్ చౌరస్తాలో, కిరాణా దుకాణం మీది గదికి బోర్డు తగిలించాడు. మనిషి చేయి తగలకుండా కంప్యూటరే యంత్రాన్ని నడపాలన్నది అతని కల. ఆ కల కోసం తిండి మానుకున్నాడు. భార్య సువార్తమ్మ మల్కాజిగిరి బడిలో టీచరు గనక మానుకోవలసిన అవసరం లేదు, అయినా మానుకున్నాడు.

కంపెనీ ఏడాది తిరక్కుండా మునిగింది. కంప్యూటరంటే ఏమిటో అప్పట్లో నాచారంలో ఎవరికీ తెలియదని కొందరు, పగలు కరెంటు ఉండేది కాదని కొందరు, బోర్డు మెట్లవైపు తిరిగి ఉండటంతో రోడ్డు మీదివాళ్లకు కనబడలేదని కొందరు కారణాలు చెబుతారు. దేవానందం లోతుగా ఆలోచించి అసలు కారణం పట్టుకున్నాడు. ప్రారంభోత్సవం నాడు పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా సువార్తమ్మ తుమ్మింది. క్రైస్తవులకు తుమ్ము పట్టింపు ఏమిటని మీరు అడగవచ్చు. కంపెనీ మునిగినప్పుడు ఉంటుంది.

రెండో కంపెనీకి సువార్తమ్మను పిలవకుండానే ప్రారంభోత్సవం జరిపించాడు. దేవుడు చల్లగా చూశాడు. నాచారంలో సబ్బుల ఫ్యాక్టరీ పెట్టుకున్న సత్యనారాయణమూర్తిగారు కంప్యూటరు పెట్టించుకోవడానికి ఒప్పుకున్నారు. ఆయనది కోస్తా. ఆ ఫ్యాక్టరీలో సబ్బు ఉడికే ట్యాంకు నిండగానే వాల్వు కట్టేసే పని గండయ్యది. ఫ్యాక్టరీ నిలబడ్డ నేల ఒకప్పుడు గండయ్య వాళ్ల జొన్న చేను. చేను పోయినందుకు పరిహారంగా ఆ వాల్వు దక్కింది. ఇప్పుడు కంప్యూటరు దాన్ని కూడా తీసుకుంది.

వాల్వు దానంతట అదే తిరగడం చూసి దేవానందం కళ్లు చెమర్చాయి. నెల గడిచినా ఒక్క తప్పు జరగలేదు. అప్పుడు యజమాని కబురు పెట్టారు.

"దేవానందం గారూ, మీ కంప్యూటరు మాకొద్దండీ. పట్టుకుపోండి."

"ఏమైంది సార్? ఏమన్న తప్పు జేసిందా?"

"చేయడం లేదండీ, అదే నా బాధ. ఇన్నేళ్లూ పొద్దున్నే వచ్చి గండయ్యని నాలుగు తిట్టి గాని కాఫీ తాగేవాణ్ణి కాదు. ఇప్పుడు ఎవర్ని తిట్టను? మొన్న ఉండబట్టలేక మీ పెట్టెనే తిట్టాను. తలైనా వంచలేదండి! రేపేదన్నా జరిగితే బాధ్యులెవరు? పెట్టెని సస్పెండ్ చేయమంటారా?"

ఈ పెట్టె వెనక్కి వస్తే దేవానందం రెండో కంపెనీ కూడా మునుగుతుంది, ఈసారి తుమ్మినవాళ్లు కూడా లేరు. వారం రోజులు కూర్చుని ప్రోగ్రాంకు ఒక చిన్న తోక తగిలించాడు. ఫ్యాక్టరీలో ఏ తప్పు జరిగినా సరే, వెంటనే తెర మీద 'బాధ్యుడు గండయ్య' అని ఇంగ్లిషు అక్షరాలు మిణుకుమిణుకుమంటాయి. యజమాని పరమానందభరితులై గండయ్యను బాధ్యుడి హోదాలో మళ్లీ నియమించారు. విధులు: కంప్యూటరు ఉన్న ఏసీ గది గడప బయట చెప్పులు విడిచి లోపల నిలబడుట, అవసరమైనప్పుడు తల వంచుట.

"నీకు బాధ అనిపిస్తలేదా గండన్నా?" అని దేవానందం ఉండబట్టలేక అడిగాడు.

"బాధేంది సారూ? ఇన్నొద్దులు ఎండల వాల్వు తిప్పుకుంట తిట్లు తిన్న. గిప్పుడు ఏసీల నిలవడి తింటున్న. మస్తున్నది."

ఏడాది గడిచాక ఈ వింత చూపించడానికి సత్యనారాయణమూర్తిగారు తోటి ఫ్యాక్టరీల యజమానులను పిలిచారు. ముందురోజు దేవానందం, వాల్వు ఇంకాస్త చురుగ్గా కదలాలని ప్రోగ్రాంలో ఒక ముక్క మార్చాడు. మార్చినది తలకిందులైంది. ట్యాంకు నిండగానే మూసుకోవలసిన వాల్వు బార్లా తెరుచుకుంది. సబ్బు పొంగి, గేటు దాటి, పల్లం వెతుక్కుంటూ నాచారం రోడ్డెక్కింది. పైన వాన. నురగ మోకాలి లోతు లేచింది. స్కూటర్ల మీదివాళ్లు పడ్డవాళ్లు పడ్డట్టే తెల్లగా లేచారు. ఒక సిటీబస్సు బ్రేకు పడక జారుకుంటూ పోయి, ఆ రూటు చరిత్రలో మొదటిసారి వేళకు ఉప్పల్ చేరింది.

యజమానులంతా తెర వైపు చూశారు. గండయ్య పేరు మిణుకుమిణుకుమంటోంది. తప్పెవరిదో దేవానందానికి తెలుసు. నోరు విప్పితే కంపెనీ గోవిందా. విప్పకపోతే పాపం ఒక మనిషికి చుట్టుకుంటుంది. లేచాడు.

"తప్పు నాది సార్. నిన్న ప్రోగ్రాం మార్చింది నేను. గండయ్య వాల్వు మొఖం సూడక ఏడాదైంది."

"అంటే కంప్యూటరు అబద్ధం చెబుతోందా?" అన్నారు ఒక యజమాని, అనుమానంగా.

గండయ్య దేవానందం చొక్కా చేయి పట్టి లాగి చెవిలో గుసగుసలాడాడు. "సారూ, జర ఊకోండ్రి. తప్పు మీదే అయితే ఇగ నేనెందుకు? నా నౌకరి పీకి పారేస్తరు. నా పొట్ట గొట్టకుండ్రి, మీకు దండం పెడత."

దేవానందం కూర్చున్నాడు. గండయ్య అనుభవమంతా రంగరించి తల వంచాడు. సత్యనారాయణమూర్తిగారు కడుపారా తిట్టి కాఫీ తెప్పించుకున్నారు. చూస్తున్న యజమానుల నోళ్లు ఊరాయి. ఆ గదిలోంచి ఆర్డరివ్వకుండా బయటికి వెళ్లినవారు లేరు.

ఇక మూడో కంపెనీ వచ్చింది. నారపల్లిలో పొలాలు ప్లాట్లయినవాళ్లు ఎక్కడికక్కడ బాధ్యులుగా చేరిపోయారు. తప్పు ఎంత పెద్దదైనా యజమాని పేరు మాత్రం రాకుండా కొత్త సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేక ఏర్పాటు ఉంది. ఏ యంత్రమూ లేని ఆఫీసులు కూడా దాన్ని కొనడం మొదలుపెట్టాయి. యంత్రాలను నడిపే భాగం బరువని ఎవరో అంటే దేవానందం దాన్ని తీసేశాడు. తీసేసిన రోజు అన్నం సహించలేదు. మర్నాడు సహించింది.

1996లో శాలువా కప్పారు. "మనిషి లేకుండా పని చేయించడం విదేశాలకు తెలుసు. పని లేకుండా మనిషిని బాధ్యుణ్ణి చేయడం మనకే తెలుసు!" అని సభాధ్యక్షులు ఉప్పొంగి సెలవిచ్చారు.

ఆ సభకు బయలుదేరేటప్పుడు దేవానందం గారు సువార్తమ్మతో, "మోటరు నేను బందు జేసొస్త, నువ్వు పోయి కార్ల కూసో" అన్నారు. తిరిగి వచ్చేసరికి ఇంటి మీద నీళ్ల ట్యాంకు పొంగి, మెట్ల మీదుగా దిగి, గల్లీ అంతా చెరువై ఉంది. దేవానందం గారు శాలువా తడవకుండా పైకెత్తి పట్టుకుని భార్య వైపు తిరిగారు.

"ఏందిది? మోటరు బందు జేయాల్నన్న సోయి లేదా నీకు?"

సువార్తమ్మ చెప్పులు విడిచి చేతబట్టుకుని నీళ్లలోకి దిగింది. "మూడు కంపెనీలు పెట్టి గింత దూరం ఎందుకు దిరిగిన్రు? మీ సాఫ్ట్‌వేర్ మనింట్ల పెండ్లయిన నాటిసంది నడుస్తనే ఉన్నది. తుమ్మినా నా పేరే, తుమ్మకున్నా నా పేరే. గండయ్యకున్న ఏసీ ఒక్కటే నాకు లేదు" అని మోటారు కట్టేసింది.

దేవానందం గారు రాయి కాదు. ఆ మాట ఆయన మనసులో గుచ్చుకుంది. వారం తిరిగేసరికి ఇంట్లో ఏసీ పెట్టించారు.

భర్తంటే అలా ఉండాలని గల్లీ ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు. మాకూ ఒక ఏసీ పెట్టించండని ఎవరింట్లో వాళ్లు అడిగారు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కరూ అడగలేదు. అది లేని ఇల్లు మా ఎరుకలో లేదు. మీ ఎరుకలో ఉంటే, ముందు ఆ ఇంటి ఇల్లాలిని ఒక మాట అడిగి, తర్వాత మాకు చెప్పండి.