సున్నం కింద తరగతి

తప్పులుంటే దిద్దుకుని చదవండి. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి, చేతికి ఇంకా వేగం రాలేదు. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

మోతుకుపల్లెలో పాత ఒంటిగది బడిని బాగుచేయడానికి గోడల సున్నం గీకుతుంటే, తొమ్మిదో పొర కింద అరవై అయిదేళ్ళ కిందటి తరగతి చెక్కుచెదరకుండా బయటపడింది. పద్దెనిమిది మంది పిల్లలు బండల మీద కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. వాళ్ళ మధ్య అక్కడక్కడా ఖాళీలు. పంతులు కుర్చీలో కునుకు తీస్తున్నాడు. పాత కట్టడాల శాఖవారికి ఇవి మామూలే. పిల్లల మీది దుమ్ము దులిపి, హాజరు పట్టీ ప్రకారం ముప్పై మంది అని రాసుకుని, పెంకులు మార్చే పనిలో పడ్డారు.

సంగతి తెలిసి ఓదెమ్మ వచ్చింది. ఆ పిల్లల వయసులో ఆమె ఈ బడి వెనకే మేకలు కాసింది. మొగుడు పోయాక అక్షరాలు నేర్చుకుంది గానీ, బళ్ళో కూర్చోలేదన్న వెలితి పోలేదు. ఒక్క పూట ఆ గదిలో కూర్చోవాలి, పంతులు తన పేరు పిలవాలి, తను పలకాలి. అంతే.

"సారూ, గా మూలకు జాగ ఉన్నది. జెరసేపు కూసుంట. లొల్లి చెయ్య."

సూపర్‌వైజర్ జనార్దన్ పట్టీ తిరగేశాడు. "పేరేందవ్వా?"

"గుండేటి ఓదెమ్మ."

"నువ్వు లోపల్నే ఉన్నవు గదా. ఏడాదంతా ఒక్క నాగా లేదు."

"నేనా? గడప సుత తొక్కలే సారూ! మేకలనడుగు."

"మేకలకు హాజరు పట్టీ లేదవ్వా."

ఆ రోజుల్లో పిల్లల సంఖ్య తగ్గితే బడి మూసేస్తారని, తనిఖీకి ముందు పంతుళ్ళు మేకలు కాసే పిల్లల పేర్లు కూడా ఎక్కించేవాళ్ళు. అది ఊరందరికీ తెలుసు. శాఖకు తెలియాలంటే కాగితం కావాలి. పైగా ఒకే మనిషి రెండుసార్లు కూర్చుంటే పాత బండలు ఆగవట.

"అట్లయితే గా ఓదెమ్మను బయటికి పిలువు. నేను కూసుంట."

"సదువుకునే పిల్లను లేపుతరా? పాపం గాదూ?"

ఆ మాట ఓదెమ్మకు న్యాయంగానే తోచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి చువ్వలు పట్టుకుని నిలబడింది.

పంతులు లేచి పేర్లు పిలిచాడు. "గుండేటి ఓదెమ్మ." ఆమె నోరు తెరిచేలోగా ఖాళీ మూలలోంచి సన్నటి గొంతు పలికింది: "హాజర్ సార్." ఏ మాత్రం బెరుకు లేని గొంతు. అంత ధైర్యంగా ఓదెమ్మ బతుకులో ఎవరికీ జవాబు చెప్పలేదు.

మర్నాటి నుంచి మిగతా ముసలవ్వలూ రాసాగారు. పట్టీలో పదకొండు మంది పేర్లు దొరికాయి. ఎవరి ఖాళీని వాళ్ళు చూసుకుంటూ కిటికీ బయట నిలబడేవాళ్ళు. "నాది మంచిగ సదువుతున్నది," "నీదానికి ఏడో ఎక్కం వస్తలేదే" అని గుసగుసలు. శాఖవారు గోడకు బోర్డు కొట్టారు. వాళ్ళలో చదవడం వచ్చింది ఓదెమ్మకే గనక, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి వినిపించింది:

"లోపల అందరూ హాజరు. బయట ఉన్నవారు మాట్లాడరాదు."

అవ్వలంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

గుండేటి ఓదెమ్మ, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడుంటున్నది మోతుకుపల్లెలోనే, బడి కిటికీ వైపు వీధిలో.