తొలికాయకి సర్టిఫికెట్

ఆనపకాయ మీద నాకు ఎలాంటి కక్షా లేదు, అది నా కంచంలోకి రానంత వరకూ. ఈ సంగతి పెళ్లయిన కొత్తలోనే మా ఆవిడ జయశీలకి చెప్పాను. శ్రద్ధగా విన్నది. విని, గాజువాకలో మేముంటున్న ఇంటి మేడ మీద ఏరికోరి ఆనపపాదే పెట్టింది.

నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. అచ్యుతాపురంలో కూరగాయలు కడిగి, పెట్టెల్లో సర్ది, విదేశాలకు పంపే కంపెనీలో నాణ్యత చూసే పని. ఏ నీళ్లు పెట్టారు, ఏ మందు కొట్టారు, కొట్టాక ఎన్నాళ్లు ఆగి కోశారు అని రైతుల్ని తిప్పితిప్పి అడుగుతాను. జాక్సన్ అని నా సంతకం పడితేనే బెండకాయ సముద్రం దాటుతుంది. ఇంట్లో మాత్రం ఆ సంతకం కొరియర్ వాళ్లకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

పాదుకి మొదటి పిందె పడింది. జయశీల పొద్దున్నే పైకెళ్లి దాన్ని పలకరించి రావడం మొదలుపెట్టేసరికి నా గుండెల్లో రాయి పడింది. ఉపాయం కూడా అప్పుడే తట్టింది.

పిచికారీ డబ్బా నిండా వేపనూనె, నీళ్లు కలిపి, పాదంతా తడిసేలా కొట్టి, డబ్బా అక్కడే పెట్టి కిందకి దిగాను.

"పురుగు కనిపించింది, మందు కొట్టాను. వారం దాకా కాయ ముట్టుకోకూడదు. మంచి సాగు పద్ధతుల్లో అది పెద్ద నియమం."

"వేపనూనెకి కూడానేటి?"

"మందన్నాక మందే."

"సరే, సదువుకున్నోరు మీరు," అంది.

వారం తీరేలోపు అదే డబ్బాతో మళ్లీ కొట్టాను. గడువు మళ్లీ మొదలైంది. ఇలా గడువు మీద గడువు పెట్టుకుంటూ పోతే కాయ ముదిరి ఎండి, ఈత నేర్చుకునేవాళ్లు నడుముకి కట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని నా లెక్క.

"మాటిమాటికీ ఈ పురుగేటండీ? నాకొక్కటీ కనపడ్డం లేదు," అంది జయశీల ఆకులు తిరగేస్తూ.

"మందు కొడుతుంటే ఇంకెలా కనపడుతుంది?"

ఈ జవాబు నాకే చాలా నచ్చింది.

ఇంతలో మా చర్చిలో కోతపండుగ వచ్చింది. ఎవరికి పండింది వాళ్లు తొలిఫలంగా తెచ్చి ఇస్తారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు పట్టుకెళ్తారు.

"తొలికాయ దేవుడికి ఇచ్చీద్దామండీ. గానీ మీ గడువు ఉంది కదా?"

కాయ మా గుమ్మం దాటి ఇంకొకరి వంటింట్లోకి పోతుందన్న ఆనందంలో గడువు నాకు అడ్డమే అనిపించలేదు. "ఇవాళ్టితో తీరిపోయింది, కోసెయ్," అన్నాను.

"అయితే రాసివ్వండి. పదిమందీ తినేది."

కంపెనీలో కూడా అంత శ్రద్ధగా రాసి ఉండను. శుభ్రమైన నీటితో పెంచినది, మందు అవశేషాలు లేవు, తినడానికి క్షేమం. కింద సంతకం. ఇంత గొప్ప కాయని ఎవరో ఒకరు ఎగరేసుకుపోవాలి కదా మరి.

వేలం వేసేది జయశీల వాళ్లన్న సత్యం, సంఘపెద్ద. కాయని పసిబిడ్డలా ఎత్తుకుని నా సర్టిఫికెట్ గొంతెత్తి చదివాడు. జనమంతా నా వైపు తిరిగారు. నేను చొక్కా సర్దుకున్నాను.

"అంత మంచిదైతే రాసినోడే ముందు పాడొచ్చు కదేటి?" వెనక బెంచీలోంచి గ్రేసీ అత్త అడిగింది.

"అదీ నిజమే బావా. నువ్వే పాడకపోతే జనానికి నమ్మకం ఎలాగ?" అన్నాడు సత్యం.

నమ్మకం కోసం ఒక ధర పాడి, ఎవరు పెంచుతారా అని చుట్టూ చూశాను. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. గ్రేసీ అత్త పైకప్పు వంక చూస్తోంది. అంతకుముందే గుమ్మడికాయ కోసం కొట్టుకున్నంత పని చేసిన జనం వీళ్లేనా అనిపించింది. సత్యం ఒకటోసారి, రెండోసారి నిదానంగా అని, మూడోసారి మాత్రం మహా తొందరగా అనేశాడు.

తిరిగి వస్తుంటే స్కూటర్ మీద మా ఇద్దరి మధ్యా ఆ కాయ.

"ఒక్కళ్లూ పాడలేదేం జయా?"

"మాయన తొలికాయ మీద ఆశ పెట్టుకున్నారు, పాట పెంచకండని ఆడోళ్లందరికీ నానే సెప్పాను."

ఇంటికి రాగానే కత్తిపీట వాల్చింది. ఇక దాచి లాభం లేదు.

"నిజం చెప్పేస్తున్నాను. మొన్న బుధవారం కూడా మందు కొట్టాను. గడువు తీరలేదు. దీన్ని తినకూడదు."

జయశీల చెయ్యి ఆగింది. "మరి సంఘమంతా తింటాదని తెలిసీ, క్షేమమని సంతకం ఎలాగ పెట్టారు?"

సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. ఏ రైతైనా ఈ పని చేస్తే లారీ మొత్తం వెనక్కి పంపేవాణ్ని. తలొంచుకుని నిలబడ్డాను.

జయశీల కాయకి చెక్కు తీయడం మొదలుపెట్టింది.

"భయపడకండి. మీరు మొదటిసారి కొట్టి దిగినప్పుడే ఆ డబ్బా ఒంపీసి మంచినీళ్లు పోసీసాను. అంత నాణ్యత సూసే మనిషి, వాసనైనా సూడలేదు. మీరు ఆకులు తడుపుతా ఉన్నారేమో, కాయ ఎంత లేతగా వచ్చిందో సూడండి. మీరు ఒక్క ముద్ద తినాలనే కదా నాను పాదు పెట్టింది."

ఆ మధ్యాహ్నం ఆనపకాయ పులుసు తిన్నాను. ఎలా ఉందో మీకు చెప్పను. మళ్లీ వడ్డించమని అడిగింది మాత్రం నేనే.

ఇప్పుడు మా మేడ మీద పాదు నిండా పిందెలు. అన్నీ నేను నీళ్లు కొట్టి పెంచినవే.