నూరు డిగ్రీల విశ్రాంతి

మనిషి చర్మానికి సొంత తెలివి లేదు. చిన్నప్పుడు దానికి ఏ అంకె నేర్పితే, చచ్చేదాకా ఆ అంకెకే చెమట పోస్తుంది. ఈ సత్యాన్ని ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఒప్పుకోలేదు గానీ, తిరుత్తణిలో నూలుకు రంగులద్దే శివరామయ్య ఏనాడో ఒప్పుకున్నాడు. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. అందులో నలభై ఏళ్లు మరిగే రంగు అండా పక్కనే గడిచాయి కనుక, వేడి విషయంలో ఆయన మాటకు కాస్త విలువ ఇవ్వడం న్యాయం. (ఇవ్వాలని రూలు మాత్రం లేదు.)

శివరామయ్య నేర్చుకున్న అంకె నూరు. ఫారన్‌హీట్ అనే పెద్దమనిషి ఎవరో ఆయనకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే. ఎండాకాలం వస్తే అరవ పేపర్లో నూరు కొట్టిన ఊళ్ల పట్టిక వేస్తారు, అందులో తిరుత్తణి ఉంటుంది. ఉన్న రోజు ఊరంతా చెమట తుడుచుకుంటూనే కొంచెం ఛాతీ విరుచుకుని నడుస్తుంది. వేలూరుకు నూట అయిదు, మనకు నూట ఏడు అని టీకొట్లో ఎవరైనా పైకి చదివితే, అదేదో తన చేతి చలవే అన్నట్టు శివరామయ్య వినయంగా తల వంచుకునేవాడు.

ఆ నూరువల్ల గొప్పతో పాటు ఒక ప్రయోజనం కూడా ఉండేది. రంగుల షెడ్డు గోడకు వేలాడే థర్మామీటరు నూరు చూపిస్తే పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపాలని రూలు. మేస్త్రీ మునియప్ప రూలంటే ప్రాణమిచ్చే మనిషి. నూరు కాగానే ఈల ఊదేవాడు. అందరూ బయట కానుగ చెట్టు కిందికి చేరేవాళ్లు. తడి నూలు చిలపలు పిండే తిరుమలమ్మకు అరవై దాటాయి, బీపీ కూడా ఉంది. ఆ మూడు గంటలు నడుం వాల్చబట్టే ఆమె మిగతా రోజంతా నిలబడగలిగేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, శివరామయ్యకూ తెలుసు.

ఇట్లా ఉండగా జిల్లా కేంద్రం తిరువళ్లూరులో తాపమాన ఏకీకరణ విభాగం నిద్ర లేచింది. ఒకే జిల్లాలో ఎండకు ఒక కొలత, జ్వరానికి ఒక కొలత, ఏసీకి ఇంకొక కొలత ఉండడం క్రమశిక్షణకు భంగమని తేల్చింది. ప్రజలు ఇకమీదట సెల్సియస్‌లోనే ఉక్కపోత అనుభవించవలెనని సర్క్యులర్ పంపింది. అలవాటు పడడానికి పదిహేను రోజులు గడువిచ్చింది. (గడువులోపల పాత పద్ధతిలో చెమట పట్టినా జరిమానా లేదు.) గోడల మీది థర్మామీటర్లన్నీ ఊడబెరికి కొత్తవి తగిలించారు.

థర్మామీటరు మారింది, రూలు మారలేదు. రూల్లో నూరు అని ఉంది, నూరు అట్లాగే ఉంది. మొదటి రోజు మునియప్ప కళ్లజోడు సర్దుకుని చూసి నలభై ఒకటి అన్నాడు. ఇంకా యాభై తొమ్మిది రావాలన్నాడు. ఈల జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో కూడా ఈ మార్పు సాఫీగా సాగలేదు. ఫోన్లో ముప్పై ఎనిమిది చూసి శివరామయ్య భార్య అమృతవల్లి పెదవి విరిచింది. బడిలో ముప్పై అయిదు పాసు మార్కు కనుక, అత్తెసరుగా గట్టెక్కిన ఎండ అది, దానికి ఫ్యాన్ ఎందుకని ఆమె వాదన. బీఎస్సీ చదివే కూతురు నివేద తండ్రిని కూర్చోబెట్టి వివరించింది.

"సెల్సియస్ అంటే సైన్సు నాయనా. నీళ్లు గడ్డకట్టేది సున్నా, మరిగేది నూరు. ఎంత సులువుగా ఉండాది చూడు."

"నేనేమన్నా నీళ్లామ్మా?" అన్నాడు శివరామయ్య.

నివేదకు ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు. మరుసటి వారం ఆమెకు జ్వరం వచ్చింది. ఎంతుందని తల్లి అడిగితే నూట రెండు అని మూలిగింది. సైన్సులో ఎంత అని తండ్రి మర్యాదగానే అడిగాడు. నివేద దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాతి మంగళవారం, గోడ మీద నలభై మూడు ఉండగా, తిరుమలమ్మ చిలపల గంప ఎత్తుకుని నాలుగడుగులు వేసి పడిపోయింది. ముఖాన నీళ్లు కొడితే కళ్లు తెరిచింది గానీ, కాసేపటిదాకా ఎవరినీ గుర్తుపట్టలేదు. మునియప్ప రిజిస్టరులో "నలభై మూడు, నిబంధన వర్తించదు" అని రాసి, తన తువ్వాలు మడిచి ఆమె తల కింద పెట్టాడు. శివరామయ్యకు భయం వేసింది. ఆ భయం వెనకాలే కోపం వచ్చింది. మరునాడు పొద్దున అర్జీ పట్టుకుని తిరువళ్లూరు రైలెక్కాడు.

విభాగం ఆఫీసులో ఏసీ చలికి అందరూ స్వెట్టర్లు వేసుకుని ఎండ గురించి పనిచేస్తున్నారు. తాపమాన సర్దుబాటు అధికారి శశికుమార్ మణవాళనగర్ వాడు, ఇంట్లో తెలుగే. అర్జీ రెండుసార్లు చదివాడు. కొలమానం పట్ల భావోద్వేగం కలవారు నింపే ఫారం ఒకటి ఉందని, అందులో తమ బాల్యం నాటి వేడిని యాభై పదాలకు మించకుండా రాయవచ్చని చెప్పాడు. శివరామయ్యకు అది అక్కర్లేదు.

"నూరైతే పని ఆపాలని రూలు ఉండాది సార్. మీరు అంకెలు మార్చినారు, రూలు మార్చలేదు. నిన్న మా తిరుమలమ్మక్క పడిపోయినాది."

"రూలు మార్చేదానికి నాకు పవరు లేదయ్యా. థర్మామీటరు మార్చమనే నాకు ఆర్డరు వచ్చినాది."

కొత్త థర్మామీటరులో యాభైకే అంకెలు అయిపోతాయని శివరామయ్య మనవి చేశాడు. శశికుమార్ ఆ లోపాన్ని రాసుకున్నాడు, మిగతా యాభై కోసం పైకి ప్రతిపాదన పంపిస్తానన్నాడు. మంచివాడే. జాలి కూడా పడ్డాడు. రూళ్ల పుస్తకం తీసి వేలుపెట్టి చదివి, పని జరిగే చోట అధికారి ఎదుట నూరు నమోదైతే చాలు, ఆ రోజే విశ్రాంతి మంజూరు చేయవచ్చని ఉందన్నాడు.

శివరామయ్య అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పని జరిగే చోట యాడైనా సరేనా సార్?"

"యాడైనా సరే. నువ్వు నూరు చూపించు, నేను సంతకం పెడతా."

తిరుగు రైల్లో శివరామయ్యకు జీవితంలో మొదటిసారి సెల్సియస్ మీద ప్రేమ పుట్టింది. రైలు మారడానికి అరక్కోణంలో దిగి టీ తాగి, పక్కనున్న అపరిచితుడికి కూడా ఒకటి ఇప్పించాడు.

శుక్రవారం శశికుమార్ పొడుగాటి గాజు థర్మామీటరుతో షెడ్డుకు వచ్చాడు. శివరామయ్య పొద్దుట్నుంచే పొయ్యి ఎగదోసి పెట్టాడు. రంగు అండా కుతకుతమంటోంది. థర్మామీటరు అందులో ముంచి అందరూ ఊపిరి బిగబట్టారు. తొంభై, తొంభై అయిదు, నూరు. మునియప్ప ఆపుకోలేక ఈల ఊదేశాడు. తిరుమలమ్మ శివరామయ్య వైపు తిరిగి, "నా తమ్ముడే చేసినట్టు చేసినావు" అంది. ఆయనకు కళ్లు చెమర్చాయి. (ఆవిరివల్ల అని తర్వాత చెప్పుకున్నాడు.) జిల్లాలో మొదటి నూరు తన చేతిమీదుగా నమోదైనందుకు శశికుమార్ కూడా పొంగిపోయి అండా పక్కన నిలబడి ఫోటో దిగాడు. ఫారంలో ఇంకొక గడి మిగిలింది కనుక, వెళ్లేముందు పనివాళ్లందరి నాలుకల కింద చిన్న థర్మామీటరు పెట్టి ఆ అంకెలు కూడా రాసుకున్నాడు.

వారానికల్లా ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వం ఇంత తొందరగా కదలడం మునియప్ప ఎరగడు. అందరినీ పిలిచి నిలబడి చదివాడు.

"తనిఖీలో నూరు డిగ్రీలు నమోదైనది రంగు అండా ఒక్కదానికే. అదే సమయమున కార్మికులందరూ ముప్పై ఏడు వద్దనే ఉన్నారు. కావున సదరు అండాకు ప్రతిదినము మధ్యాహ్నము పన్నెండు నుండి మూడు వరకు, చెట్టు నీడలో, సంపూర్ణ విశ్రాంతి కల్పించవలెను. కార్మికులు యథావిధిగా తమ పనులు కొనసాగించెదరు."

మునియప్ప రూలు తప్పే మనిషి కాదు. పన్నెండు కొట్టగానే అండాలో రంగు తోడించి, కానుగ చెట్టు కింద గోనెపట్టా పరిపించాడు. అండాను పన్నెండుకు బయటికి, మూడింటికి లోపలికి మోయడానికి నలుగురు కావాలి. వెనకవైపు కుడి పట్టు తిరుమలమ్మది.