పేజీ బరువు నాలుగు గ్రాములు

ఆ బుధవారం వైకుంఠం పెట్టుకున్న పని ఒక్కటే. నెల రోజులుగా నల్లబడి కూర్చున్న ఇత్తడి గంటను చింతపండు వేసి తోమాలి. గౌలిపుర సందులో ఉన్న ఆయన ఇత్తడి సామాన్ల దుకాణానికి పొద్దున్నే ఎవరూ ఎగబడరు కాబట్టి తొందరేమీ లేదు. భార్య సూర్యప్రభ పోయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. మేనకోడలు కీర్తిప్రియ ఇదే ఊళ్లో, గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తోంది గానీ పండక్కి తప్ప రావడం కుదరదు.

ఆ పిల్లే రెండేళ్ల కిందట ఆయనకో ఆన్‌లైన్ దుకాణం పెట్టించి, కుందులూ హారతి పళ్లేలూ ఓ షాపింగ్ సైటువాళ్ల జాబితాలో కనిపించేలా చేసింది. అప్పటినుంచి రోజుకు ఏడెనిమిది ఫోన్లు వచ్చేవి. కరీంనగర్ నుంచి ఒకావిడ కుందుల ఎత్తు అడిగేది, ఆదోని నుంచి ఒకాయన ధర అడిగేవాడు. వైకుంఠం ఎత్తూ ధరా చెప్పి, మీ దగ్గర వానలు పడ్డాయా, ఇంట్లో పెళ్లేమైనా ఉందా అని కూడా అడిగేవాడు. వాళ్లు కొన్నా కొనకపోయినా ఆయనకు పట్టింపు లేదు. ఆ ఫోన్లే లేకపోతే రోజంతా ఆయన గొంతు ఆయనకే వినపడదు.

చింతపండు నానుతుండగా జాబితావాళ్ల సందేశం వచ్చింది. ఏ యంత్రం తెలుగు చేసిందో గానీ, "మీ పేజీ బరువు అధికం. లోడ్ ఆలస్యం. రెండు వారములలో తగ్గించనిచో మీ సరుకు జాబితా నుండి తొలగించబడును" అని ఉంది. తొలగించడమంటే ఫోన్లు ఆగిపోవడం.

కీర్తిప్రియను అడిగితే సరిపోయేది. కానీ ఎప్పుడు ఫోన్ చేసినా ఆ పిల్ల మీటింగ్‌లో ఉంటుంది, ఇంత చిన్నదానికి విసిగించడమెందుకు అనుకున్నాడు. నలభై ఏళ్లు వ్యాపారం చేసి పేజీ, బరువు, లోడ్ అనే మూడు మాటలకు అర్థం తెలియకపోతే దుకాణం మూసుకోవడం మేలని కూడా అనుకున్నాడు.

పేజీ అంటే ప్రతి పార్సిల్‌లో తాను పెట్టే అట్ట కాగితం. ఇత్తడిని ఎలా తోమాలో దానిమీద అచ్చు వేయించాడు. దాన్ని ఎదురుగా ఉన్న వెండి కొట్టుకు తీసుకెళ్లి తూయించాడు. నాలుగు గ్రాములు. కొట్టు యజమాని ప్రేమ్‌రాజ్ రెండుసార్లు తూచి, "కాయితాన్ని గిట్ల తూకమేసి అమ్ముతున్నవా ఏందన్నా?" అన్నాడు. వైకుంఠం కారణం చెప్పకుండా వచ్చేసి, పల్చటి కాగితం మీద మళ్లీ అచ్చు వేయించాడు. ఒక గ్రాముకు దిగింది. మూడో రోజు అదే సందేశం మళ్లీ వచ్చింది.

అయితే బరువు పెట్టెలో ఉందన్నమాట. చెక్కపెట్టె తీసేశాడు, లోపలి గడ్డి తీసేశాడు, కుందుల్ని పాత పేపర్లలో చుట్టి పంపాడు. ఇక ఆలస్యం సంగతి. లోడ్ అంటే పార్సిల్ ఆఫీసుకు సరుకు చేరవేసే ట్రాలీ ఆటో. దాన్ని నడిపేది నందకిశోర్. నీ లోడ్ లేటవుతోందని పైనుంచి ఫిర్యాదు వచ్చిందని వైకుంఠం చెప్పేసరికి అతను ఆటో ఆపి దిగాడు.

"పదేండ్ల సంది మోస్తున్న సేట్. ఒక్కదినమన్న లేట్ చేసిన్నా? గా ఫిర్యాదు జేసినోణ్నే మొయ్యమను," అని ఖాళీ ఆటోతో వెళ్లిపోయాడు.

పార్సిళ్లు వైకుంఠమే భుజాన మోసుకెళ్లాడు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, గడ్డి లేకుండా వెళ్లిన కుందులు సొట్టలు పడి చేరాయి. కరీంనగర్ ఆవిడ ఫోన్ చేసి పావుగంట తిట్టింది. ఆయన ఓపిగ్గా విని, చివర్లో మీ మనవరాలికి జ్వరం తగ్గిందా అని అడిగాడు. తగ్గిందని చెప్పి ఆవిడ మరో ఐదు నిమిషాలు తిట్టింది. ఆ పూట ఆయన కాస్త హుషారుగానే ఉన్నాడు.

మూడో సందేశం వచ్చేసరికి గడువు నాలుగు రోజులే మిగిలింది. ఇక లాభం లేదని మేనకోడలికి చెప్పాడు. ఆదివారం కీర్తిప్రియ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఆమె కోసం ఆయన రెండు కూరలు వండి, మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంచాడు. జరిగిందంతా విని ఆమె కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"పేజీ అంటే కాయితం కాదు మామా, ఫోన్ల తెరుసుకునేది. నీ సరుకు ఫొటోలు మస్తు పెద్దగున్నయి. గందుకే అది తెరుసుకునెతందుకు పద్నాలుగు సెకన్లు వడ్తున్నది."

"పద్నాలుగు సెకన్లకే గింత లొల్లా? మీ అత్త ఉన్నప్పుడు గిరాకి కూసోని చాయ్ తాగెతందుకే అర్ధగంట వట్టేది."

ఆ జమానా పోయిందని చెప్పి, ఆమె గంటలో ఫొటోలన్నీ కుదించింది. పేజీ రెండు సెకన్లలో తెరుచుకుంది. ఒక కూరే తిని, పొద్దున్నే మీటింగ్ ఉందంటూ వెళ్లిపోయింది. దుప్పటి మడత కూడా నలగలేదు.

మంగళవారానికి జాబితావాళ్లు అంతా సక్రమమన్నారు. ఆర్డర్లు రెట్టింపయ్యాయి. వైకుంఠం నందకిశోర్ ఇంటికెళ్లి తప్పయిందని బతిమాలి అతన్ని వెనక్కి తెచ్చుకున్నాడు. చెక్కపెట్టెలూ గడ్డీ మళ్లీ వచ్చాయి. ఫోన్ మాత్రం మోగలేదు. బుధవారం మోగలేదు, గురువారం మోగలేదు. చెడిపోయిందేమోనని శుక్రవారం ప్రేమ్‌రాజ్ చేత ఫోన్ చేయించి చూశాడు. బ్రహ్మాండంగా మోగింది.

మళ్లీ మేనకోడలినే అడిగాడు.

"ఇదివరకు పేజీల నీ నంబర్ ఒక్కటే ముందుగాల కనవడ్తుండె మామా. మిగిలింది రాకపోయేసరికి ఇసుగొచ్చి నీకు ఫోన్ జేసేటోళ్లు. ఇప్పుడు ధర, సైజు అన్నీ కనవడ్తున్నయి. అడిగే పనే లేదు. నీకింక ఏ ఫికర్ లేదు."

రెండేళ్లుగా ఫోన్ చేసినవాళ్లంతా పేజీ తెరుచుకోకనే చేశారని ఆయనకు అప్పుడు తెలిసింది. చాలా బాధేసింది. మెల్లగా అడిగాడు.

"బిడ్డా, మల్ల జెర బరువు జెయ్యరాదూ?"

అట్లా చేస్తే జాబితాలోంచి తీసేస్తారని చెప్పి, మీటింగ్ మొదలైందని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం ఐదింటికి ఫోన్ మోగింది. వైకుంఠం చేతిలోని పళ్లెం కింద పడేసి మరీ ఎత్తాడు. ఆడగొంతు. నమస్కారమంది, జాబితావాళ్ల తరఫున మాట్లాడుతున్నానంది. ఆయన కూడా నమస్కారం పెట్టి, ఏ ఊరు తల్లీ మీది అని అడిగాడు. పేజీ వేగం బాగుంటే ఒకటి, బాగా లేకుంటే రెండు, ఈ సందేశం మళ్లీ వినాలంటే తొమ్మిది నొక్కమంది.

వైకుంఠం తొమ్మిది నొక్కాడు.