పన్నెండో నంబరు పరికరం రూప్లి

ఈ ప్రపంచంలో ఎవరినీ నమ్మకూడదన్న సత్యాన్ని మునులు అడవుల్లో కూర్చుని వెతికారు. జిల్లా వైర్‌లెస్ సెన్సర్ల భద్రతా విభాగం ఏసీ గదిలో కూర్చుని కనిపెట్టి, సర్క్యులర్ కూడా ఇచ్చింది.

భద్రాచలం అడవి అంచున ఇప్పలవాగు మీద ఒక లోలెవల్ వంతెన ఉంది. వాగు పొంగితే జనాన్ని ముందే ఆపాలని విభాగం వాగు పొడవునా పదకొండు సెన్సర్లు బిగించింది. అరచేతంత పెట్టెలు. నీటిమట్టం కొలిచి, తీగ లేకుండానే ఒకదాని మాట ఇంకొకటి అందుకుని జిల్లా కేంద్రంలోని కంప్యూటరుకు చేరవేస్తాయి. వంతెనకు అడ్డంగా గొలుసు వేసే పని తండా మనిషి రూప్లిది. అక్కడి నుంచి మెసేజ్ వస్తే వేయాలి, రాకపోతే వేయకూడదు. (కళ్లున్నాయి కదా అని చూసి వేయడం నాలుగో నిబంధన ప్రకారం తప్పు.)

మొదటి ఏడాది బాగానే గడిచింది. తర్వాత భద్రతాధికారిగా ఉదయ్ భాస్కర్ వచ్చాడు. ఎవడైనా దొంగ పెట్టె తెచ్చి దొంగ నీటిమట్టం పంపితే జిల్లా ఏమైపోతుందని ఆయనకు బెంగ పట్టుకుంది. (ఇప్పలవాగు లోతు ఏ శత్రువుకు కావాలో ఫైల్లో ఇంకా తేలలేదు.) అందుకని ప్రతి పెట్టె పక్క పెట్టెను నిమిషానికోసారి ‘నువ్వెవరు?’ అని అడగాలన్నాడు. జవాబు సరిపోయాకే నీటి సంగతి.

ఆగస్టులో ఒక గురువారం మధ్యాహ్నం ఎగువన వాన దంచికొట్టింది. రూప్లి చూస్తుండగానే మోకాలి లోతు నీళ్లు నడుము దాకా వచ్చాయి. మెసేజ్ మాత్రం రాలేదు. పామాయిల్ తోటల్లో పనికి పోయిన ఆడవాళ్లు ట్రాక్టరులో తిరిగొచ్చే వేళ. వాళ్లలో ఆమె చెల్లెలు చాంది కూడా ఉంది. రూప్లి ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేసింది.

“సార్, వాగు ఎక్కుతున్నది. గొలుసు ఏస్త.”

“ఆగమ్మా. పదకొండు పెట్టెలూ మోకాలి లోతే అంటున్నయి,” అన్నాడు ఉదయ్ భాస్కర్.

“నేను గట్టు మీదనే ఉన్న సార్. కనబడ్తున్నది.”

“కనబడితే సరిపోదు. నువ్వు నెట్‌వర్క్‌లో లేవు. మాట్లాడేది నువ్వేనని నాకెట్ల తెలుస్తది?”

“నేను రూప్లిని సార్! ఈ గొలుసు మీరే ఇచ్చిండ్రు!”

ఆయన మంచి మనిషి. దారి వెతికాడు. అప్పటికప్పుడు ఆమెను పన్నెండో నంబరు పరికరంగా నమోదు చేశాడు. ఓటీపీ అడిగాడు, చెప్పింది.

“బ్యాటరీ ఎంతుంది?”

“ఫోన్‌దా సార్?”

“నీది.”

“పొద్దుగాల రెండు రొట్టెలు తిన్న.”

ఆయన ‘మధ్యస్థం’ అని రాసుకున్నాడు. నీళ్లు అప్పటికి ఛాతీ ఎత్తుకు వచ్చాయి. రూప్లి అదే చెప్పింది. ఆయన ఆ లోతును కంప్యూటరులో ఎక్కించి తెర చూశాడు.

“చిక్కొచ్చింది రూప్లమ్మా. పదకొండు ఒక మాట, నువ్వొక్కదానివి ఒక మాట. నువ్వు శత్రువు చేతికి చిక్కినట్టు కంప్యూటరు చూపిస్తున్నది. ఇంక నీ మాట వినొద్దంటున్నది.”

ఫోన్ కట్టయింది.

మలుపులో ట్రాక్టరు చప్పుడు వినిపించింది. రూప్లి గొలుసు లాగి తాళం వేసింది. అది చాలదనిపించి దారికి అడ్డంగా నిలబడింది.

“మెసేజ్ వచ్చిందా అక్కా?” అని అరిచాడు డ్రైవరు హరిలాల్.

“రాలె. దిగి చూడు.”

దిగి చూశాడు. తిరిగి ఎక్కి ఇంజను ఆపేశాడు. కాసేపటికి వంతెన నడిమి భాగం, పదిహేడు మంది ఆడవాళ్లు చూస్తుండగా, విరిగి నీళ్లలో పడిపోయింది. చాంది తన అక్క చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వారం తర్వాత విచారణ జరిగింది. ఒకదాన్నొకటి ఎవరని అడిగి అడిగి పదకొండు పెట్టెల బ్యాటరీలూ సోమవారమే అయిపోయాయట. తెర మీద ఉన్నది సోమవారం నాటి లోతు. పెట్టెలన్నీ వరదలో కొట్టుకుపోయినా ఒక్క రహస్యమూ శత్రువు చేతిలో పడలేదని విభాగానికి ప్రశంసాపత్రం వచ్చింది. రూప్లికి మెమో వచ్చింది: ‘ధ్రువీకరణ లేకుండా సరైన సమాచారం కలిగి ఉన్నందుకు.’

ఆమె మెమో తీసుకుని అడిగింది. “మరి మళ్ల వాగొస్తె ఎవరికి చెప్పాలె సార్?”

“ఎవరికీ చెప్పొద్దమ్మా,” అన్నాడు ఉదయ్ భాస్కర్ ఓపిగ్గా. “అప్పుడే సమాచారం పూర్తి భద్రంగ ఉంటది.”