పింటూ ప్రేమ్‌రాజ్, వయసు ఒక సంవత్సరం

ఆ బుధవారం ప్రేమ్‌రాజ్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. మధ్యాహ్నం ఛత్రినాకలో చెల్లెలు స్వరూప ఇంటికి వెళ్లి తలకాయ కూరతో భోంచేయాలి. తర్వాత అక్కడే చాప పరుచుకుని సాయంత్రం దాకా పడుకోవాలి. ఇరవై ఆరేళ్లుగా బస్సు డిపోలో గుమస్తాగా చేస్తున్న మనిషికి వారానికి ఒక్కటే సెలవు. అది కూడా ఏదో ఒక చావుకో, చర్చి మీటింగుకో పోతుంది. ఈ వారం ఎవరూ చావలేదు. మీటింగూ లేదు.

గడ్డం గీసుకుంటుండగా ముందుగదిలోంచి భార్య రాహేలు కేకేసింది. "ఏందయ్యా, పింటూ గిట్ల జేస్తుండు, జర వచ్చి చూడు!"

పింటూ అంటే వాళ్లమ్మాయి స్రవ్య పెంచుకుంటున్న హ్యామ్‌స్టర్. అరచేతిలో పట్టేంత జీవి, తేనెరంగు బొచ్చు, వెతికితే గాని కనబడని తోక. నర్సింగ్ శిక్షణకని రెండు నెలల కిందట వరంగల్ వెళ్తూ స్రవ్య దాన్ని తండ్రికి అప్పజెప్పింది. ప్రేమ్‌రాజ్ రోజూ గింజలు వేసేవాడు, పంజరం శుభ్రం చేసేవాడు, చేసినంతసేపూ సణిగేవాడు.

ఇప్పుడది ఒక మూల ముడుచుకుని కూర్చుంది. ముక్కు తడిగా ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల టిక్కు టిక్కుమని చప్పుడవుతోంది. రాహేలు అప్పటికే కూతురికి వీడియో కాల్ కలిపి ఫోను పంజరం ముందు పట్టుకుంది.

"డాడీ, ఇది మామూలు సర్ది కాదు. లంగ్స్‌ల ఇన్ఫెక్షన్ ఉన్నట్టుంది. గంత చిన్న పానం, రేపటిదాక ఆగదు. ఇప్పుడే డాక్టర్‌కు చూపియ్."

"ఎలుకకు తుమ్మొస్తే దవాఖానకు పోతరా బిడ్డా?"

"ఎలుక కాదు డాడీ, హ్యామ్‌స్టర్!" అని స్రవ్య ఏడుపందుకుంది.

కూతురు ఏడుస్తుంటే వాదించడం ప్రేమ్‌రాజ్‌కు చేతకాదు. సగం గీసిన గడ్డంతోనే చెప్పుల డబ్బాకు తూట్లు పొడిచి, పాత తువ్వాలు ముక్క పరిచి, పింటూను అందులో కూర్చోబెట్టి శాలిబండ రోడ్డు మీదికొచ్చాడు.

దగ్గర్లోని పశువుల డాక్టరు డబ్బా మూత తీసి చూసి మళ్లీ మూసేశాడు. "బర్రెనైతే చూస్త, మేకనైతే చూస్త. దీని మీద స్టెతస్కోప్ పెడితే ఇదే కనవడదు," అని, మూసీ అవతల కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే క్లినిక్ ఒకటుందని చెప్పాడు. ప్రేమ్‌రాజ్ ఆటో ఎక్కాడు.

ఇంటి దగ్గర రాహేలుకు మనసు నిలవలేదు. పిచ్చుకను మరిచిపోని దేవుడు పింటూను మాత్రం ఎందుకు మరుస్తాడు? చర్చి ప్రార్థన గ్రూపులో ఒక సందేశం పెట్టింది: "మా పింటూకు ఊపిరితిత్తులల్ల ఇన్ఫెక్షన్. శ్వాస ఆడుతలేదు. వాళ్ల డాడీ దవాఖానకు తీస్కపోయిండు. అందరు ప్రార్థన చేయండి." గ్రూపులో నూటపన్నెండు మంది ఉన్నారు. పింటూ ఎవరో వాళ్లలో ఒక్కరికీ తెలియదన్న ఆలోచన ఆమెకు రాలేదు. స్రవ్య చెప్పే ఉంటుందనుకుంది.

క్లినిక్‌లో డాక్టరమ్మ పింటూను చెవికి ఆనించుకుని విన్నది. "కింద ఏం పరుస్తున్నారు?" అని అడిగింది.

"రంపపు పొట్టమ్మా."

"ఆ దుమ్మే లోపలికి పోయింది. అది మానేయండి. యాంటీబయోటిక్ చుక్కలు రాస్తున్నా, పన్నెండు గంటలకోసారి, పది రోజులు. వెచ్చగా ఉంచండి. అగరొత్తులు, పొగ వద్దు. మెయిన్‌గా గొడవ వద్దు. జనం, అరుపులు ఉంటే భయానికే పోతాయి ఇవి."

ప్రేమ్‌రాజ్ చీటీ అందుకున్నాడు. స్రవ్య కొనిపెట్టిపోయిన కాగితపు తురుము అయిపోయాక, మళ్లీ కొనడం దండగనుకుని, వడ్రంగి రామలింగం దుకాణం నుంచి ఊరికే వచ్చే పొట్టు తెచ్చి పరిచింది తనే. ఈ సంగతి కూతురికి ఎలా చెప్పాలో ఆలోచిస్తూనే మందు చీటీ ఫోటో తీసి భార్యకు పంపాడు. చీటీ పైన కుక్క బొమ్మ ఉన్నచోట అతని బొటనవేలు అడ్డం వచ్చింది. దాని కింద మాత్రం స్పష్టంగా ఉంది: పింటూ ప్రేమ్‌రాజ్. మగ. వయసు ఒక సంవత్సరం.

రాహేలు ఆ ఫోటోను అలాగే గ్రూపులో పెట్టింది.

గ్రూపు పది నిమిషాలు మూగబోయింది. ప్రేమ్‌రాజ్‌కు యాభై మూడేళ్లు. రాహేలు కడుపుతో ఉండగా చూసినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు. ఏడాది వయసున్న మగపిల్లవాడు, ఇంటిపేరు ఉండాల్సిన చోట ప్రేమ్‌రాజ్ పేరు. పైగా ‘మా పింటూ’ అని రాసింది రాహేలే.

పన్నెండు గంటలకల్లా ఇల్లు నిండిపోయింది. పాస్టర్ కృపాకర్ వచ్చాడు. చర్చిలో పెద్దావిడ నాగమణమ్మ వచ్చింది, ఆమె వెనక ఇంకో పదిహేను మంది స్త్రీలు వచ్చారు. పాలడబ్బాలు, బ్రెడ్డు, ఊలు టోపీ వచ్చాయి. స్వరూప తలకాయ కూర గిన్నెను చంకలో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

నాగమణమ్మ రాహేలు రెండు చేతులూ పట్టుకుంది. "నీదెంత పెద్ద మనసే రాహేలూ! ఇంకొకతి అయితే గడప తొక్కనియ్యకపోవు."

"మొదట్ల నాకూ ఒళ్లు జలదరించేది అక్కా," అంది రాహేలు నిజాయితీగా. "ఇప్పుడైతే నా చేతులకెల్లే తింటడు."

"స్రవ్యకు ఎరుకనా?"

"ఎరుకేంది అక్కా, ఇంటికి తెచ్చిందే అది!"

స్వరూప గోడకు ఆనుకుని భోరుమంది. ఒక్క హ్యామ్‌స్టర్ కోసం ఆడబిడ్డ ఇంతగా ఏడవడం చూసి రాహేలుకు మొదటిసారి ఆమె మీద ప్రేమ పుట్టింది.

ఒంటిగంటన్నరకు ప్రేమ్‌రాజ్ గుమ్మంలో అడుగుపెట్టాడు. లోపలి జనాన్ని చూసి డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. "లొల్లి వద్దన్నది డాక్టరమ్మ, ఇంతమంది ఏంది?" అంటూ చెప్పుల డబ్బాను బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడో లేదో, పాస్టర్ అతని భుజం మీద చెయ్యేసి వంటింట్లోకి తీసుకుపోయాడు.

"ప్రేమ్‌రాజ్, మనిషన్నంక తప్పు జరుగుతది. దాచుకుంటెనే బరువు."

రంపపు పొట్టు సంగతి ఈయనకెలా తెలిసిందా అని ప్రేమ్‌రాజ్ నివ్వెరపోయాడు. తెలిసిపోయాక దాచి లాభం లేదు.

"నాదే తప్పు అయ్యగారూ. ఊకెనే వస్తున్నదని ఆశపడ్డ."

పాస్టర్ కళ్లు మూసుకున్నాడు. "ఎక్కడ?"

"వడ్ల రామలింగం ఇంటెనుక."

"రామలింగం చూడలేదా?"

"ఆయననే రమ్మన్నడు అయ్యగారూ. ఎప్పుడన్న రా, మొహమాటపడకు అన్నడు. వారానికోసారి పోతుంటి."

పాస్టర్ సిలిండరు పట్టుకుని నిలబడ్డాడు. "మరి రాహేలుకు?"

"ఆమెనే సంచి చేతికిచ్చి తోలిచ్చేది."

పాస్టర్ కృపాకర్ ముప్పై ఏళ్ల సేవలో ఎన్నో ఒప్పుకోళ్లు విన్నాడు. సంచి ఎందుకో అడిగే ధైర్యం మాత్రం చేయలేకపోయాడు.

ముందుగదిలో నాగమణమ్మ ఊలు టోపీ పట్టుకుని అటూ ఇటూ చూసింది. "పిలగాడేడి? బండిల్నే విడిచిపెట్టిండా?"

"అగో, ఆ డబ్బల పండుకున్నడు," అంది రాహేలు.

"డబ్బలనా! చెప్పుల డబ్బలనా?"

"తూట్లు పొడిచిండు గదా, గాలి ఆడతది."

నాగమణమ్మ ప్రభువును తలుచుకుని మూత ఎత్తింది. పింటూ తల పైకెత్తి ఒక్క తుమ్ము తుమ్మింది. ఆమె కేకకు వీధిలో ఆటోలు ఆగాయి. డబ్బా కిందపడింది. ఆమె, పదిహేను మంది స్త్రీలూ మంచం మీదికీ కుర్చీల మీదికీ ఎక్కారు. పింటూ కొంచెం దూరం ఉరికి, ఊపిరి అందక గది నడుమ ఆగిపోయింది. ఏడుస్తున్న స్వరూప ఏడుపు ఆపి చెప్పు తీసింది.

వంటింట్లోంచి ప్రేమ్‌రాజ్ ఒక్క దూకు దూకి నేల మీద బోర్లా పడి, రెండు చేతులూ పింటూ చుట్టూ పెట్టాడు. "కొట్టకు స్వరూపా! గాడే పింటూ!"

 టిక్కు టిక్కుమన్న పింటూ ఊపిరి అందరికీ వినబడింది.

"అయితే... ఏడాది పిలగాడు?" అంది స్వరూప, చెప్పు ఇంకా గాల్లోనే ఉంచి.

"ఏ పిలగాడు?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

ఏ పిల్లవాడో మెల్లగా, ముక్కలు ముక్కలుగా బయటపడింది. వింటూ వింటూ రాహేలు ముందు తెల్లబోయింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది, చివరికి ఆపుకోలేక కూలబడి నవ్వింది. "ఈయనకా? ఈయనకా అక్కా?"

"నేను అప్పుడే అన్న, మా అన్నకు అంత చాతగాదని," అంది స్వరూప. అందరూ అవునన్నారు. నేల మీద పడివున్న ప్రేమ్‌రాజ్‌కు, తనను అనుమానించినందుకు కోపగించుకోవాలో, తన వల్ల కాదని ఇంత తొందరగా నమ్మేసినందుకు కోపగించుకోవాలో తెలియలేదు.

"పొద్దుగాల సంది చాయ్ గూడ ముట్టలే," అంది నాగమణమ్మ మంచం మీంచి దిగకుండానే. "ఎలుక కోసం ఉపాసమున్న!"

"ఎలుక కాదమ్మా, హ్యామ్‌స్టర్," అన్నాడు ప్రేమ్‌రాజ్ కసిగా.

పాస్టర్ గొంతు సవరించుకున్నాడు. మొహం ఇంకా ఎర్రగానే ఉంది. "ప్రార్థనకు వచ్చినం. చేసే పోదాం. గొడవ వద్దన్నరట, మెల్లగ." వచ్చిన పద్దెనిమిది మందీ గుసగుసగా ప్రార్థించారు. ప్రేమ్‌రాజ్ పింటూను దోసిట్లో పట్టుకుని, దాని గుండె తన వేళ్ల మీద టకటక కొట్టుకుంటుంటే, ఎవరికీ వినబడకుండా పెదవులు కదిపాడు. తర్వాత నాగమణమ్మ ఉపవాసం విడిచింది, తోడుగా మిగతావాళ్లూ కూర్చున్నారు. తలకాయ కూర అందరికీ సరిపోయింది, ప్రేమ్‌రాజ్‌కు తప్ప.

సాయంత్రం అతను కూతురికి ఫోన్ చేసి పొట్టు సంగతి చెప్పేశాడు.  "మందు మాత్రం మరువకు డాడీ," అంది స్రవ్య. అతను మరవలేదు. పొద్దున ఆరుకూ సాయంత్రం ఆరుకూ సూది లేని సిరంజితో చుక్కలు వేశాడు, సణగకుండా. ఆరో రోజుకు చప్పుడు తగ్గింది. తొమ్మిదో రోజు పింటూ పంజరంలోని పరుగుల చక్రం ఎక్కింది. ఇక దిగితే ఒట్టు.

అయితే పిల్లవాడి వార్త వెళ్లినంత దూరం హ్యామ్‌స్టర్ వార్త వెళ్లలేదు. డిపోలో డ్రైవర్ ఎల్లేష్ భార్య కూడా ఆ గ్రూపులోనే ఉంది, కాని మొదటి సగం చదివి ఊరుకుంది. పదో రోజు క్యాంటీన్‌లో ఎల్లేష్ చాయ్ తెచ్చి ముందు పెట్టి గొంతు తగ్గించాడు.

"సార్, బాబు ఎట్లున్నడు?"

ప్రేమ్‌రాజ్ ఆ పది రోజుల్లో ఆ కథ ఇరవై మూడుసార్లు చెప్పి ఉన్నాడు. ఇరవై నాలుగోసారి చెప్పే ఓపిక లేదు. "మస్తుగున్నడు. రాత్రంత నిద్రపోడు, చక్రం తిప్పుతనే ఉంటడు."

ఎల్లేష్ మొహం వెలిగిపోయింది. "ఇంకేంది సార్, మన డిపోకే వస్తడు!"

"ఇప్పట్ల కొత్త పోస్టులు లేవు," అని ప్రేమ్‌రాజ్ చాయ్ అందుకున్నాడు.