ఎదిగే కణానికి అడ్డుపడకండి!

క్యాన్సర్ కణాన్ని ఎవరైనా తిడుతుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. పాపం, అది చేసిన నేరమేమిటి? ఎదిగింది! అంతేగా? పిల్లలు కాళ్లకు మొక్కితే "ఎదగండి, పదింతలు కండి" అని దీవించేవాళ్లమే మనమంతా. తీరా ఒక కణం ఆ దీవెనను నిజమని నమ్మి ఎదిగితే, కత్తులూ విషాలూ పట్టుకుని దాని మీద పడతామా? ఇదెక్కడి న్యాయం!

అసలు దుర్మార్గులు వేరే ఉన్నారని నాకు పోయిన నెలే తెలిసింది. చెప్పింది మా అన్న కూతురు మరల్. పట్నంలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ కొన్ని జన్యువులు కాపలా కాస్తుంటాయట. కణం రెండుగా చీలబోతుంటే అడ్డంగా నిలబడి "ఆగు" అంటాయట. "నకలు సరిగ్గా రాసుకున్నావా? ఇదిగో, ఇక్కడ తప్పుంది. దిద్దుకునేదాకా కదలడానికి వీల్లేదు."

దిద్దుకుంటే సరే. దిద్దుకోలేకపోతే? "అయితే నువ్వు పోయి చావు" అంటాయట! ఆ కణం నోరెత్తకుండా పోయి చస్తుందట!

పాఠకులారా, ఇది శరీరమా, పాస్‌పోర్టు ఆఫీసా?

"వాటిని కణితిని అణిచే జన్యువులంటారు బాబాయ్," అంది మరల్, నూనెలో వేయించిన బౌర్సాక్ తుంచుకుంటూ. అణిచే! పేరులోనే ఉంది చూశారా అణచివేత?

"అంత పెత్తనం ఎవరిచ్చారమ్మా వాటికి? తీసి పారేస్తే పోలా?"

"పోతుంది. నువ్వే పోతావు," అంది. "ఒంట్లో రోజూ ఎన్ని కణాల నకళ్లు తప్పుతాయో నీకేం తెలుసు? అవి అడ్డం నిలబడబట్టే నువ్విలా కూర్చుని, టీ తాగుతూ, వాటినే తిట్టగలుగుతున్నావు."

చదువుకున్న పిల్ల. పెద్దలంటే భయం లేదు.

నేను మాత్రం ఒప్పుకోను. ఆగమనే మనుషుల వల్ల ఏ దేశం బాగుపడింది? మన సముద్రంలో కలిసే సిర్‌దర్యా నది నీళ్లను పత్తిచేల మీదికి మళ్లించినప్పుడు గట్టిగా "ఆగండి" అన్నవాడి మాట ఎవరైనా విన్నారా? వినలేదు. చూడండి ఎంత అభివృద్ధి! మా నాన్న వల వేసిన చోట ఇప్పుడు ఒంటెలు మేస్తున్నాయి. సముద్రం ఎండకముందు ఒక్క ఒంటె అయినా మేసిందా అక్కడ? ఉప్పు కోసం ఒకప్పుడు బజారుకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు గాలి వీస్తే చాలు, అదే ఇంట్లోకి వచ్చి పళ్లెంలో పడుతోంది!

సరే, దేశం సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు. నా కొంప సంగతి చెబుతాను.

నా ఇంట్లోనూ ఇలాంటి అణిచేవాళ్లు ఇద్దరుండేవారు. ఒకరు మా అమ్మ. రెండోది నా భార్య కమ్‌షాత్. టీ నీళ్లు కాగే సమోవర్ పక్కన కూర్చుని టీ పోసేది వాళ్లే. ఇప్పటి పిల్లలు మరిచిపోతున్నారు కాబట్టి ఒకసారి గుర్తుచేస్తాను. మన ఇళ్లలో టీ గిన్నె సగానికే పోస్తాం. సగం పోస్తే "కూర్చో, మళ్లీ పోస్తాను" అని అర్థం. అంచుదాకా పోశారంటే "తాగు, లే, నీ దారి చూసుకో" అని. నోటితో ఒక్క మాట అనక్కర్లేదు. సిగ్గున్న అతిథి ఆ గిన్నె తాగేసి, దీవించి, టోపీ పెట్టుకుంటాడు.

మా అమ్మ నిండు గిన్నె పోసిందంటే జిల్లా అధికారి అయినా సరే, లేవాల్సిందే. నాకు తల కొట్టేసినట్టుండేది. అమ్మ పోయిన ఏడాది కాలం చేసింది. ఇక కమ్‌షాత్ ఒక్కతే మిగిలింది. ఒక్కతే అయినా గుమ్మం బాగానే కాసింది, కాదనను.

అప్పుడొచ్చాడు దుయ్‌సెన్‌బాయ్. వసంతకాలం. ఒక సంచి, ఒక గొడుగు. గుమ్మంలోనే నిలబడి ఏడు తరాల తాతల పేర్లు గడగడా అప్పజెప్పాడు. ఐదో తాత దగ్గర మా వంశమూ వాళ్ల వంశమూ కలిశాయి. తమ్ముడయ్యాడు! అతిథి దేవుడు పంపినవాడు. మూడు రోజులదాకా ఎందుకొచ్చావని అడగకూడదు. అడగలేదు. పెద్దపీట మీద కూర్చోబెట్టాను.

నాలుగో రోజు కమ్‌షాత్ అతని గిన్నె అంచుదాకా పోసింది.

అతను గిన్నెలోకి చూశాడు. టోపీ కోసం చెయ్యి చాపాడు కూడా. నాకు మొహం చెల్లలేదండీ! "నా ఇంట్లో తమ్ముడికి నిండు గిన్నా? ఊళ్లో తలెత్తుకోవద్దూ?" అని కమ్‌షాత్ చేతిలోంచి కెటిల్ లాక్కున్నాను. అతని గిన్నెలో సగం నా గిన్నెలోకి వంపేసుకుని, "కూర్చో తమ్ముడూ" అన్నాను.

కమ్‌షాత్ నావైపు చూసింది. "మంచిది. కెటిల్ మీ దగ్గరే ఉంచుకోండి. ఎప్పుడు ఆపాలో మీకే తెలిసినట్టుంది," అంది.

తెలియకేం? ఎప్పుడూ ఆపకూడదని తెలుసు!

ఆ తర్వాత ఎంత ఎదుగుదలో మీరే చూడండి. వారానికి అతని భార్య బాల్‌సుల్లు వచ్చింది. నెలకి ఆమె తమ్ముడు. తర్వాత నాలుగు మేకలు, ఒక పాల ఒంటె, దాని పిల్ల. స్థలం చాలక మధ్యగోడ పడగొట్టారు. మా నీళ్ల గొట్టానికి కన్నం వేసి వాళ్ల వైపుకి వేరే గొట్టం లాక్కున్నారు. మా కుళాయిలో నీళ్లు సన్నగిల్లాయి. వాళ్ల ఒంటె మాత్రం నిగనిగలాడుతోంది. మగవాళ్లకెందుకీ శ్రమ అని బాల్‌సుల్లు నా చేతిలోంచి కెటిల్ అందుకుంది. సమోవర్ పక్కన మా అమ్మ కూర్చున్న చోట కూర్చుంది. ఏకు మేకై కూర్చోవడమంటే ఇదేనని గిట్టనివాళ్లు అన్నారు. నేను అభివృద్ధి అన్నాను.

కమ్‌షాత్ ఆ రోజే తన గిన్నె ఒక్కటి శాలువాలో చుట్టుకుంది.

"ఎక్కడికి?"

"మా చెల్లెలింటికి. పనికి వెరచి కాదు. ఆగమనడం మీకు రాదు, నన్ను అననివ్వరు. ఇక ఈ ఇంట్లో నేనెందుకు?"

పక్క వీధే. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో పక్క వీధి అంత దూరమని నాకెప్పుడూ తెలియలేదు. బెంగగా ఉంది. వ్యంగ్య రచయితకి బెంగ ఉండకూడదని రూలేమీ లేదుగా?

మరల్ మా ఇంటికి వచ్చింది ఆ తర్వాతే. పిన్ని ఏదని అడిగింది. చెప్పాను. గోడ ఉండాల్సిన చోటును చూసింది, కొత్త గొట్టాన్ని చూసింది. "కణితి కూడా ఇంతే బాబాయ్. రక్తనాళాల్ని తన వైపు లాక్కుంటుంది," అంది. బాల్‌సుల్లు తమ్ముడు ఎదురింటి సగిన్‌దిక్ గుమ్మంలో ఏడు తరాలు అప్పజెబుతున్నాడని చెప్పాను. "అవును, తర్వాత వేరే చోటికి పాకుతుంది," అంది. నవ్వలేదు.

"ఇంతకీ ఆ కాపలా జన్యువులు ఏమైపోతాయమ్మా?"

"ప్రతిదానికీ రెండు ప్రతులుంటాయి బాబాయ్. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒకటి చెడినా మామూలుగా రెండోది నెట్టుకొస్తుంది. ఆ రెండోదీ పోయిందా, ఇక పట్టపగ్గాలుండవు. నాయనమ్మ పోవడం ఎవరి చేతిలోనూ లేదులే. పిన్ని చేతిలోంచి కెటిల్ లాక్కున్నదెవరు?"

నాకు వినబడనట్టు ఊరుకున్నాను. ఈ వయసులో చెవులు ఆ మాత్రం సాయం చేస్తాయి.

మొన్న గురువారం. పొద్దున్నే టీకి కూర్చున్నాం. పెద్దపీట మీద దుయ్‌సెన్‌బాయ్. గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, నేను. బాల్‌సుల్లు ఎంతో మర్యాదగా రెండు చేతులతో నా గిన్నె అందించింది.

"తీసుకోండి బావగారూ."

అంచుదాకా ఉంది!

ఏం చేశానంటారా? మర్యాద తెలిసిన ఇంట పుట్టినవాణ్ణి. గిన్నె ఖాళీ చేశాను. ఈ ఇల్లు చల్లగా ఉండాలని దీవించాను. టోపీ పెట్టుకున్నాను. వీధి మలుపు దాకా వెళ్లాక గుర్తొచ్చింది, నేను బయటికొచ్చింది నా ఇంట్లోంచేనని!

తిన్నగా కమ్‌షాత్ చెల్లెలింటికి వెళ్లాను. కమ్‌షాత్ సమోవర్ పక్కనే ఉంది. నన్ను చూసి గిన్నె తీసింది, పాలు పోసింది, టీ వంచడం మొదలెట్టింది. నా కళ్లన్నీ ఆ గిన్నె మీదే. సగానికి వచ్చింది. ఆపలేదు. సగం దాటింది. ఇంకా వంచుతూనే ఉంది. ఇక్కణ్ణుంచి కూడా లేవమంటే ఎక్కడికి పోను?

"ఆగు!" అన్నాను. "ఆగు కమ్‌షాత్, ఆగు!"

ఆగింది.

"అమ్మయ్య! వచ్చిందన్నమాట ఆ మాట నోటికి," అంది. "నాతో కాదు. వెళ్లి వాడితో చెప్పండి. చెప్పాకే నేను గుమ్మం తొక్కేది."

"నువ్వొచ్చి ఒక్క గిన్నె నిండుగా పోస్తే పోలా? నా నోటితో ఎలా అనను? పరువు..."

"మీ పరువు వాడి పీట కింద ఉంది. పోయి లాక్కోండి."

నిన్నంతా ఆలోచించాను పాఠకులారా. ఆగమన్న ప్రతివాణ్ణీ ముసలి చాదస్తమన్నాను, మర్యాద తెలియదన్నాను. కాలవ తూము తెరవనన్నవాణ్ణి ఇదే కాలమ్‌లో మూడుసార్లు ఉతికాను. మీరు నవ్వారు కూడా! ఒంట్లోని జన్యువులు మనకంటే నయం. వాటిని మొహమాటపెట్టడానికి ఊరంటూ లేదు.

ఎదురుగా నిలబడి చెప్పేంత ధైర్యం నాకింకా రాలేదు. కానీ ఈ పత్రిక పొద్దున్నే మా ఇంటికే వస్తుంది. మడత విప్పి ముందు చదివేది, పెద్దపీట మీద కూర్చునేవాడే.

తమ్ముడూ దుయ్‌సెన్‌బాయ్, ఇదిగో నీ గిన్నె. అంచుదాకా నేనే పోశాను. తాగి లే.